వదిన అడిగిన నాలుగు ప్రశ్నలు

మా పుల్లలచెరువు వైపు "డిప్రెషన్" అనే మాట ఆడవాళ్ళ నోట రాదు. ఒళ్ళు బరువుగా ఉందంటారు. తల దిమ్ముగా ఉందంటారు. గుండెల్లో దడ అంటారు, నిద్ర పట్టట్లేదంటారు. ఇంకా గుచ్చి అడిగితే "ఏందో, మనసు బాగుండట్లా" అని కొంగుతో మొహం తుడుచుకుంటారు. ఆ మాటలు పట్టుకుని ఊళ్ళో డాక్టరు దగ్గరకు వెళితే ఒక సెలైన్ పెట్టి, బి-కాంప్లెక్స్ సూది వేసి పంపుతాడు. రెండు రోజులు బాగున్నట్టే ఉంటుంది, మూడో రోజు మళ్ళీ మామూలే. జబ్బుకు పేరు పెట్టనంతకాలం మందు కూడా దాని చుట్టూ తిరుగుతుందే గానీ దాని దగ్గరకు పోదు.

మా పెద్ద వదిన విషయంలో ఆరు నెలలు అట్టాగే గడిచిపోయాయి. వదినంటే మా ఆయనకు అక్క. మాకు రెండు వీధుల అవతలే ఇల్లు. మిరప, పత్తి, కొంచెం కంది వేస్తారు. మూడు బోర్లు వేశారు, రెండు ఎండిపోయాయి. పంట చేతికొచ్చేసరికి మిర్చి ధర పడిపోయింది. డ్వాక్రా సంఘంలో తీసుకున్న అప్పు, బంగారం మీద తీసుకున్నది, బయట వడ్డీకి తెచ్చింది, ఇవన్నీ నెలనెలా తలుపు తడుతుంటాయి. ఇందులో ఏదీ మా ఊళ్ళో కొత్త కాదు. వెలిగొండ నీళ్ళు ఈ ఏడు వస్తాయంట, వచ్చే ఏడు వస్తాయంట అనుకుంటూ పెరిగినవాళ్ళం మేము. అందుకే వదిన మారిపోతుంటే "ఎవరికి లేవులే కష్టాలు" అనుకున్నారు అందరూ.

తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేది. మళ్ళీ కన్ను మూతపడేది కాదు. పప్పులో ఉప్పు వేసిందో లేదో గుర్తుండేది కాదు. ఆ వేసవిలో వదిన ఆవకాయ పెట్టలేదు. మీరు నమ్ముతారో లేదో, నాకు అన్నిటికంటే భయం వేసింది అక్కడే. పాతికేళ్ళుగా ఇరవై ఇళ్ళకు ఆవకాయ కలిపి పెట్టిన మనిషి, కాయలు తెచ్చి ముందు పెడితే వాటి వంక చూసి "మీరే పెట్టుకోండి" అని లోపలికి వెళ్ళిపోయింది. ఒకరోజు బట్టలు మడతపెడుతూ, మామూలుగా మాట్లాడుతున్నట్టే, "నేను లేకపోతే మీ అందరికీ బరువు తగ్గుద్ది కదా" అంది.

ఆ మాట విన్నాక ఆలస్యం చేయలేదు. ఆ రాత్రికే మా ఆయన, వాళ్ళ బావ కలిసి పశువుల కొట్టంలో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ వేరే వాళ్ళింటికి చేర్చి తాళం వేయించారు. ఆ వారంలోనే ఒంగోలులో ఒక మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళాం. ఆయన గంటసేపు మాట్లాడి, థైరాయిడ్, రక్తం పరీక్షలు చేయించి, ఇది డిప్రెషన్ అని చెప్పారు. ఎసిటలోప్రామ్ అనే బిళ్ళ, మొదటి వారం సగం, తర్వాత పది మిల్లీగ్రాములు. "పిచ్చి డాక్టరు దగ్గరకు తీసుకుపోయారంట" అని వీధిలో అన్నవాళ్ళు అన్నారు. ఆ సంగతి వదిలేద్దాం.

నాలుగో వారంలో వదినకు నిద్ర పట్టడం మొదలైంది. కొంచెం తేరుకున్నాక ఆమె నన్ను కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడిగింది. ఆ డాక్టరుకు అంత సమయం ఉండదు, వదినకు ఆయన్ని అడిగే ధైర్యమూ లేదు. మా అమ్మాయి బి.ఫార్మసీ చదువుతోంది. దాని పుస్తకాలు, అది వెతికిచ్చిన వ్యాసాలు ముందేసుకుని, అర్థం కానిచోట దాన్నే అడుగుతూ, ఒక్కో ప్రశ్నకు జవాబు వెతికాను. మీ ఇళ్ళలోనూ ఇవే ప్రశ్నలు అడిగేవాళ్ళు ఉండే ఉంటారని ఇక్కడ రాస్తున్నాను.

మొదటి ప్రశ్న: "ఇది నా మనసు బలహీనమా?"

వదిన బాధంతా ఇదే. "అందరూ తట్టుకుంటున్నారు, నేనే ఎందుకు పడిపోయాను?"

ఒత్తిడి అనేది మనసులో మాత్రమే ఉండే సంగతి కాదని మొదట గట్టిగా చెప్పినవాడు కెనడాలోని మాంట్రియల్‌లో పనిచేసిన హాన్స్ సెల్యే. 1936లో ఆయన ఎలుకల మీద చేసిన పని ప్రచురించాడు. ఒకదాన్ని చలిలో పెట్టాడు, ఒకదానికి గాయం చేశాడు, ఇంకోదానికి ఏదో మందు ఎక్కువ మోతాదులో ఇచ్చాడు. పెట్టిన బాధ వేరువేరు, కానీ ఒంట్లో జరిగింది ఒకటే. మూత్రపిండాల పైన టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, పొట్టలో పుండ్లు పడ్డాయి. బాధ ఏ దారిన వచ్చినా శరీరం ఒకే రకంగా స్పందిస్తుందన్నమాట. అప్పయినా, ఎండిన బోరయినా, మాట పడే మొగుడయినా ఒంటికి ఒకటే లెక్క.

ఆ అడ్రినల్ గ్రంథులు వదిలే రసాయనం కార్టిసాల్. పాము ఎదురైనప్పుడు పరిగెత్తడానికి అది కావాలి. పాము పోయాక అది తగ్గిపోవాలి. 1968లో బ్రూస్ మెక్ఈవెన్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఎలుకల్లో ఈ రకం హార్మోను నేరుగా మెదడులోకి వెళ్ళి హిప్పోక్యాంపస్ అనే భాగంలో కూర్చుంటుందని చూపించాడు. హిప్పోక్యాంపస్ అంటే మన జ్ఞాపకాలు అల్లుకునే చోటు. "ఇక చాలు, కార్టిసాల్ ఆపు" అని చెప్పే పెద్దరికం కూడా దానిదే. మరి పాము రోజూ ఇంట్లోనే తిరుగుతుంటే? ఆపమని చెప్పాల్సిన ఆ భాగమే నలిగిపోతుంది.

ఇక్కడ మన పక్కనే జరిగిన ఒక పరిశోధన చెప్పాలి. బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర పరిశోధన కేంద్రంలో సుమంత్ర చటర్జీ బృందం, నిమ్హాన్స్ పరిశోధకుడితో కలిసి 2002లో ఒక ఫలితం ప్రచురించింది. ఎలుకలను రోజుకు రెండు గంటల చొప్పున పది రోజులు కదలకుండా బంధించారు. తర్వాత మెదడు కణాలను సూక్ష్మదర్శిని కింద చూశారు. హిప్పోక్యాంపస్‌లో కణాల కొమ్మలు కుంచించుకుపోయాయి. కానీ అమిగ్డాలా అనే చోట కొమ్మలు ఇంకా పెరిగాయి. అమిగ్డాలా బాదం పప్పు ఆకారంలో ఉంటుంది, భయం పుట్టే చోటు అది. ఒకే ఒత్తిడి జ్ఞాపకాల చెట్టును ఎండబెట్టి, భయం చెట్టుకు నీళ్ళు పోసింది.

రెండేళ్ళ తర్వాత అదే బృందం ఇంకో సంగతి చూసింది. ఒత్తిడి ఆపేసి ఆ ఎలుకలను 21 రోజులు హాయిగా వదిలేస్తే హిప్పోక్యాంపస్ కోలుకుంది. అమిగ్డాలాలో పెరిగిన కొమ్మలు మాత్రం తగ్గలేదు, బెదురు పోలేదు.

ఇది చదివినప్పుడు నాకు పుట్టింటికి వెళ్ళొచ్చే ఆడపిల్లలు గుర్తొచ్చారు. "నెల రోజులు అమ్మ దగ్గర ఉండి రా, అన్నీ సర్దుకుంటాయి" అంటాం. మొహం కాస్త తేటపడి వస్తుంది. కానీ గేటు చప్పుడైతే మళ్ళీ ఉలిక్కిపడుతుంది. విశ్రాంతి తీసుకున్నావు కదా, ఇంకా ఏందీ భయం అని గదమాయిస్తాం. ఎలుక మనిషి కాదు, నిజమే. అయినా కొన్ని భయాలు సెలవు తీసుకున్నంత మాత్రాన పోవని, దానికి ఆ మనిషి తప్పు ఏమీ లేదని మనకు తెలియాలి.

అందుకే వదినతో చెప్పాను. "చెయ్యి విరిగిన మనిషిని నీ చెయ్యి బలహీనమా అని అడగం కదా వదినా. బరువు ఎక్కువైంది, విరిగింది. ఇదీ అంతే." వదిన ఏమీ అనలేదు, కానీ ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు.

రెండో ప్రశ్న: "ఈ బిళ్ళ లోపల ఏం చేస్తుంది? ఇది నిద్రమాత్రా?"

కాదు. ఈ మందుల కథ మొదలైందే అనుకోకుండా. 1952 ప్రాంతంలో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో టి.బి. రోగులకు ఇప్రోనియాజిడ్ అనే మందు ఇచ్చి చూశారు. మంచానికి అతుక్కుపోయిన రోగులు లేచి తిరగడం, నవ్వడం, ఆకలేస్తోందని అడగడం మొదలుపెట్టారు. ఊపిరితిత్తుల కోసం ఇచ్చిన మందు మనసును లేపింది. ఎందుకని వెతికితే, మెదడు కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వాడే సెరటోనిన్, నోరెపినెఫ్రిన్ లాంటి రసాయనాలు కరిగిపోకుండా అది ఆపుతోందని తేలింది.

దీనికి ఎదురుగా మన దేశపు మూలిక ఒకటి సాక్ష్యం చెప్పింది. సర్పగంధి వేరును మన వైద్యులు ఎప్పటినుంచో వాడుతున్నారు. బొంబాయిలో రుస్తుం జల్ వకీల్ అనే గుండె వైద్యుడు బి.పి. తగ్గించడానికి అది పనికొస్తుందని 1949లో లోకానికి చెప్పాడు. దాంట్లోంచి తీసిన రిసెర్పిన్ ప్రపంచమంతా వాడారు. బి.పి. తగ్గింది గానీ కొందరిలో దిగులు కమ్ముకుంది. చూస్తే, రిసెర్పిన్ మెదడులో ఆ రసాయనాలనే ఖాళీ చేస్తోంది. ఒక మందు వాటిని పెంచితే మనసు లేచింది, ఇంకో మందు తగ్గిస్తే పడింది. దిగులంటే ఈ రసాయనాల కొరతే అన్న ఆలోచన ఇక్కడే పుట్టింది. 1987లో అమెరికాలో అనుమతి పొందిన ఫ్లూఆక్సిటిన్, వదిన వేసుకునే ఎసిటలోప్రామ్, ఇవన్నీ ఆ దారిలో వచ్చినవే. ఒక కణం వదిలిన సెరటోనిన్‌ను అదే కణం వెంటనే వెనక్కి లాక్కోకుండా ఇవి అడ్డుపడతాయి.

కానీ ఒక చిక్కు ఉంది. బిళ్ళ మింగిన కొన్ని గంటల్లోనే సెరటోనిన్ పెరుగుతుంది. మరి మనిషి తేరుకోవడానికి మూడు, నాలుగు వారాలు ఎందుకు పడుతుంది? కొరత తీరితే ఆ రోజే బాగైపోవాలి కదా. అందుకే ఇప్పుడు శాస్త్రవేత్తలు "సెరటోనిన్ తక్కువైతే డిప్రెషన్" అని అంత తేలిగ్గా అనడం లేదు. ఆ మాటకు గట్టి రుజువు లేదని 2022లో వచ్చిన ఒక సమీక్ష మీద పెద్ద చర్చే జరిగింది. కారణం పూర్తిగా తెలియకపోయినా మందు పనిచేయవచ్చు, అది వేరే సంగతి. జ్వరానికి పారాసిటమాల్ పనిచేస్తుంది, అట్టాగని ఒంట్లో పారాసిటమాల్ తక్కువై జ్వరం రాలేదు కదా.

ఇప్పుడు ఎక్కువమంది చెబుతున్నది ఏమిటంటే, ఈ మందులు నలిగిన కణాలు మళ్ళీ కొమ్మలు వేసేలా చేస్తాయని. కణాలకు ఎరువులాంటి ప్రోటీను ఒకటుంది, దాన్ని బి.డి.ఎన్.ఎఫ్. అంటారు. ఆ ఎరువును అందుకునే గ్రాహకానికి ఈ మందులు నేరుగా అతుక్కుంటాయని ఫిన్లాండ్‌లో ఈరో కాస్ట్రెన్ బృందం 2021లో చూపించింది. గ్రాహకం అంటే కణం మీద ఉండే తాళం అనుకోండి. సరైన చెవి పడితేనే తెరుచుకుంటుంది.

వదినకు నేను చేలో మాటల్లోనే చెప్పాను. "యూరియా చల్లిన రోజే కాయలు రావు కదా వదినా. వేరు పట్టాలి, చిగురు రావాలి. ఆ మూడు వారాలు చూడకుండా మందు పనిచేయలేదని పారేయకూడదు." మొదటి వారంలో వికారం, తలనొప్పి వచ్చి చాలామంది అక్కడే ఆపేస్తారట. ఫలితం రాకముందే ఇబ్బంది వస్తుంది, అదే ఈ మందులతో పేచీ.

మూడో ప్రశ్న: "జీవితాంతం వేసుకోవాలా? అలవాటు పడిపోతానా?"

ఇది వదిన ప్రశ్న కాదు నిజానికి. చుట్టుపక్కల వాళ్ళు ఆమె చెవిలో వేసింది. "ఆ బిళ్ళలకు అలవాటు పడితే ఇక మానలేవు" అని ఒకరు, "బాగానే ఉన్నావు కదా, ఇంకా దేనికి" అని ఇంకొకరు.

డాక్టరు చెప్పింది, నేను చదివింది ఒకటే. మొదటిసారి డిప్రెషన్ వచ్చినవాళ్ళు బాగైన తర్వాత కూడా ఆరు నెలలకు తక్కువ కాకుండా వాడాలి. బాగనిపించిన రోజున ఆపేస్తే తిరగబెట్టే అవకాశం ఎక్కువ. పదే పదే వచ్చినవాళ్ళకు ఇంకా ఎక్కువ కాలం వాడాల్సి రావచ్చు. సారాయిలా మోతాదు పెంచుకుంటూ పోవాలనే కోరిక ఈ మందులకు ఉండదు. అయితే ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, ఒంట్లో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం కొందరికి ఉంటుంది. అందుకని మెల్లగా, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. మా ఊరి నుంచి ఒంగోలు పోయి రావడానికి ఒక రోజు కూలి, బస్సు ఖర్చు పోతాయి. బిళ్ళలు అయిపోయి, వెళ్ళడం కుదరక, అట్టా ఆగిపోయేవాళ్ళే ఎక్కువ. అందుకే వదిన బిళ్ళల అట్టలో పది మిగిలినప్పుడే మా ఆయనకు చెప్పేలా అలవాటు చేశాం.

ఇంకో నిజం కూడా దాచలేదు. మొదట ఇచ్చిన మందే అందరికీ పనిచేయదు. అమెరికాలో సుమారు 4,000 మంది మీద చేసి 2006లో ఫలితాలు ప్రకటించిన ఒక పెద్ద పరిశోధనలో, మొదటి మందుతో పూర్తిగా కోలుకున్నవాళ్ళు మూడింట ఒక వంతే. మిగతావాళ్ళకు మందు మార్చాల్సి వచ్చింది, కలపాల్సి వచ్చింది. వదినది అదృష్టం అనుకోవాలి. మీ ఇంట్లో మొదటి బిళ్ళ పనిచేయకపోతే జబ్బు మొండిదని నిరాశపడొద్దు, మళ్ళీ డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

నాలుగో ప్రశ్న: "ఇంతకంటే మంచి మందు రాదా?"

వదిన ఈ ప్రశ్న నవ్వుతూ అడిగింది. కానీ దీనికి జవాబు వెతకడానికే నాకు ఎక్కువ రోజులు పట్టింది.

కొత్త మందు కావాలంటే ముందు కొత్త తాళం దొరకాలి. ఒత్తిడి హార్మోన్ల మొదటి మెట్టును అడ్డుకునే మందులు ఎంతో ఆశతో తయారుచేశారు, అవి డిప్రెషన్‌కు పనికిరాలేదు. పదార్థం-పి అనే రసాయనపు తాళాన్ని మూసే మందు ఒకటి 1998లో గొప్ప ఆశ పుట్టించింది. పెద్ద పరీక్షల్లో అదీ ఓడిపోయింది. కానీ పారేయలేదు. అదే మందు అప్రెపిటాంట్ అనే పేరుతో 2003 నుంచి క్యాన్సర్ మందులు ఎక్కించుకునేవాళ్ళకు వాంతులు తగ్గించడానికి వాడుతున్నారు. మినపపిండి దోసెలకు పులవకపోతే గారెలకు వాడుకున్నట్టు.

గెలిచినవీ ఉన్నాయి. ఆపరేషన్‌కు మత్తిచ్చే కెటమిన్ తక్కువ మోతాదులో దిగులును వారాల్లో కాదు, గంటల్లో తగ్గిస్తుందని 2000లో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు కొద్దిమంది రోగుల్లో చూశారు. దాని నుంచి వచ్చిన ఎస్కెటమిన్ అనే ముక్కు స్ప్రేకు 2019లో అమెరికా అనుమతి ఇచ్చింది, అది కూడా డాక్టర్ల కళ్ళ ముందే వాడాలి. మనకు ఎక్కువ దగ్గరైంది ఇంకోటి. కాన్పు తర్వాత ఆడవాళ్ళ ఒంట్లో ప్రొజెస్టెరాన్ ఒక్కసారిగా పడిపోతుంది, దానితో పాటు దాని నుంచి మెదడుకు అందే ఒక శాంతపరిచే పదార్థం కూడా. ఆ పదార్థాన్ని పోలిన జురనోలోన్ అనే మాత్రకు బాలింతల డిప్రెషన్ కోసం 2023 ఆగస్టులో అమెరికాలో అనుమతి వచ్చింది. పద్నాలుగు రోజులు వేసుకుంటే చాలు. బాలింత ఏడుస్తుంటే గాలి సోకిందని వేపమండలు కట్టిన ఇళ్ళు నాకు తెలుసు. అది గాలి కాదు, హార్మోను అని చెప్పడానికి ఇంతకాలం పట్టింది.

ఇక హైదరాబాదు సంగతి. అక్కడ సువెన్ లైఫ్ సైన్సెస్ అనే సంస్థ ఉంది. జాస్తి వెంకటేశ్వర్లు గారు 1989లో మొదలుపెట్టారు. మెదడు జబ్బులకు కొత్త మందులు కనిపెట్టడమే దాని పని. వాళ్ళు డిప్రెషన్ కోసం తయారుచేసిన అణువు పేరు రోపానికాంట్. ఇది సెరటోనిన్ దారిలో వెళ్ళదు. ఎసిటైల్‌కోలిన్ అనే ఇంకో రసాయనపు తాళాన్ని మూస్తుంది. ఆ తాళాన్ని నికోటినిక్ గ్రాహకం అంటారు. ఎందుకా పేరంటే, పొగాకులోని నికోటిన్ దూరేది అందులోనే.

పొగాకు మన జిల్లాకు కొత్తా! పొదిలి, కనిగిరి వేలం కేంద్రాలు తెలియని రైతు లేడు. మన చేలో పండే ఆకులోని విషం దూరే తాళం మీదే హైదరాబాదులో దిగులు మందు కనిపెడుతున్నారంటే వదిన కళ్ళు పెద్దవి చేసింది. "అయితే చుట్ట తాగితే పోద్దా?" అంది. పోదు. నికోటిన్ ఆ తాళాన్ని తెరిచే చెవి, ఈ మందు తాళంలో అడ్డుపెట్టే పుల్ల. రెండూ ఒకటి కాదు.

ఈ ఆలోచన వెనక పాత సంగతి ఉంది. మెదడులో ఎసిటైల్‌కోలిన్ ఎక్కువైతే దిగులు వస్తుందేమోనని 1972లో డేవిడ్ జనోస్కీ అనే వైద్యుడు, ఆయన తోటివాళ్ళు రాశారు. ఈ తాళం మీదే విదేశాల్లో తయారైన ఇంకో మందు 2012 నాటికి పెద్ద పరీక్షల్లో ఓడిపోయింది. అందుకని రోపానికాంట్ గెలుస్తుందని ఎవరూ ముందే చెప్పలేరు. అమెరికాలో రోగుల మీద రెండో దశ పరీక్షల్లోకి వెళ్ళింది. మూడో దశ దాటితే గానీ మందుల షాపుకు రాదు. వస్తే ఒక తెలుగు నేల నుంచి వచ్చిన మందు అవుతుంది. రాకపోతే ఇంకెవరో ఇంకో తాళం వెతుకుతారు.

ఈ చదువులో నా నిద్ర చెడగొట్టిన విషయం ఒకటి ఉంది. ఆ ఎసిటైల్‌కోలిన్‌నే పెంచే పదార్థాలు మా ఇళ్ళ పక్కన డబ్బాల్లో ఉన్నాయి. మోనోక్రోటోఫాస్, క్లోరోపైరిఫాస్ లాంటి పురుగుమందులు పురుగును చంపేది ఎసిటైల్‌కోలిన్‌ను కరిగించే ఎంజైమును ఆపి. మనిషి ఒంట్లోనూ అదే ఎంజైమును ఆపుతాయి. ఇటువంటి మందులు చల్లే రైతుల్లో దిగులు లక్షణాలు ఎక్కువగా కనిపించాయని వేరువేరు దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. వదినకు జబ్బు దానివల్లే వచ్చిందని నేను అనను, అట్టా ఎవరూ చెప్పలేరు. కానీ మిరప తోటలో మగవాళ్ళు చల్లుతుంటే వెనకే గొట్టం పట్టుకుని నడిచేది ఆడవాళ్ళే. మందు తడిసిన బట్టలు చేత్తో ఉతికేదీ ఆడవాళ్ళే. ఇప్పుడు మా రెండిళ్ళలో ఆ బట్టలు వేరే బకెట్లో, చేతులకు తొడుగులు వేసుకుని ఉతుకుతున్నాం.

డబ్బాలు ఇంట్లో ఉంచకపోవడం గురించి కూడా ఒక మాట. శ్రీలంకలో 1995 తర్వాత బాగా విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో అక్కడ ఆత్మహత్యలు సుమారు 70 శాతం తగ్గాయి. చావాలనే ఆలోచన అలలాంటిది, వస్తుంది, పోతుంది. అది వచ్చిన ఆ గంటలో చేతికందే దూరంలో ఏమీ లేకపోతే మనిషి మిగులుతుంది. దిగులుగా ఉన్న మనిషి ఉన్న ఇంట్లో మొదట చేయాల్సిన పని ఇది. దీనికి ఏ డాక్టరూ అక్కర్లేదు.

ఇంకో సంగతి నాకు కోపం తెప్పించింది, మీకూ తెప్పిస్తుంది. డిప్రెషన్ మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఎక్కువ. కానీ ఒత్తిడి మీద దశాబ్దాల పాటు చేసిన ప్రయోగాల్లో ఎక్కువ భాగం మగ ఎలుకల మీదే. ఆడ ఎలుకలకు నెలసరి లాంటి చక్రం ఉంటుంది, లెక్కలు చెడతాయి అని పక్కన పెట్టేవారట. అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ, తన నిధులతో చేసే ప్రయోగాల్లో ఆడ, మగ రెండింటినీ లెక్కలోకి తీసుకోవాలని 2016 నుంచి అడుగుతోంది. మన జబ్బు మీద పరిశోధనకు కూడా మనం అంత ఆలస్యంగా పనికొచ్చాం.

ఇదంతా విన్నాక వదిన ఒక మాట అంది. "బిళ్ళ వేసుకుంటే బోరులో నీళ్ళొస్తాయా?" రావు. వడ్డీ తగ్గదు, మిర్చి ధర పెరగదు. మందు చేసేది ఆ మనిషిని లేపి కూర్చోబెట్టడం. కూర్చున్నాక అప్పు లెక్క చూసుకోవచ్చు, ఎవరితోనైనా మాట్లాడవచ్చు. పడుకున్న మనిషి ఆ రెండూ చేయలేదు. వదిన లేచి కూర్చున్నాకే కదా మా ఆయనా, ఆమె భర్తా కలిసి బయటి అప్పును బ్యాంకు అప్పులోకి మార్చుకునే ప్రయత్నం మొదలుపెట్టింది.

అట్టాగని అంతా బిళ్ళతోనే కాదు. గోవాలో చేసి 2017లో ప్రచురించిన ఒక పరిశోధనలో, డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, డిప్రెషన్ ఉన్నవాళ్ళతో ఆరు నుంచి ఎనిమిది సార్లు మాట్లాడించారు. నీతులు చెప్పడం కాదు, రోజుకొక చిన్న పని పెట్టుకోవడం, అది చేయడం, మనుషుల్లోకి మళ్ళీ రావడం. మామూలు వైద్యం ఒక్కటే అందుకున్నవాళ్ళకంటే వాళ్ళు ఎక్కువ కోలుకున్నారు. మేము కూడా అదే పట్టుకున్నాం. పొద్దున్నే వదిన, నేను చెరువు కట్ట దాకా నడిచి వస్తాం. మొదట్లో పది అడుగులకు కూర్చునేది. "నడువు" అని అనలేదు, పక్కన కూర్చునేదాన్ని.

ఒంగోలు వెళ్ళలేనివాళ్ళకు ఒక నంబరు చెబుతాను, రాసిపెట్టుకోండి: 14416. టెలీ మానస్ అని 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడవచ్చు. పేరు చెప్పడానికి భయపడేవాళ్ళు కూడా మొదట గొంతు విప్పడానికి అది బాగుంటుంది. మీకోసమే కాకపోయినా, ఆవకాయ పెట్టడం మానేసిన ఏ వదిన కోసమో, ఏ పిన్ని కోసమో పనికొస్తుంది.

వదిన బిళ్ళ ఇంకా వేసుకుంటోంది, ఇది ఎనిమిదో నెల. వచ్చే నెల డాక్టరు మోతాదు తగ్గించే సంగతి చూద్దామన్నారు. మొన్న మా అమ్మాయికి ఫోన్ చేసి, "హైదరాబాదు మందు ఎంతవరకు వచ్చిందే, కనుక్కుని చెప్పు" అని అడిగిందట. ఆమెకిప్పుడు ఆ మందు అక్కర్లేదు, కానీ వస్తే బాగుండని చూస్తోంది. ఎవరికోసమో తెలుసు నాకు. మూడో వీధిలో ఇంకొకామెకు నిద్ర పట్టట్లేదట. వదినే వెళ్ళి పలకరించి వచ్చింది.